రేవుకో వాక్యం

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ పాతికేళ్లుగా వాతావరణ కార్యాలయంలో పనిచేస్తూ, ఎదురైన ప్రతివాళ్ల చేతా "ఏమండీ, వానన్నారు, చుక్క లేదేం?" అనిపించుకుంటే కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? పక్కింటావిడ బట్టలు ఆరేసే ముందు ఆకాశం చూడదు, నా మొహం చూస్తుంది. వాన పడితే నేనే పంపినట్టు, పడకపోతే నేనే దాచుకున్నట్టు మాట్లాడతారు.

నా పని మా ప్రాంతానికి రోజూ రెండు పూటలా బులెటిన్ రాయడం. ప్రాంతం అంటే పైన కొండలు, మధ్యలో ఊళ్లు, కింద పెద్ద సరస్సు. అన్నింటికీ కలిపి నాలుగే వాక్యాలు. రేడియోలో చదివే ఆమెకి నలభై సెకన్లకి మించి ఇవ్వరు మరి. అందుకని మాకో ప్రత్యేకమైన భాష తయారైంది. "ఒకటి రెండు చోట్ల", "అక్కడక్కడా", "ఓ మోస్తరు". ఈ మూడూ చేతిలో ఉంటే ఎలాంటి ఆకాశాన్నయినా దాటేయొచ్చు. మా తమ్ముడు వీటిని తెగ వెక్కిరించేవాడు. "ఓ మోస్తరు అంటే ఎంతక్కా? నెత్తి తడిసేంతా, చెప్పులు కొట్టుకుపోయేంతా?"

వెక్కిరించేవాడు అని ఎందుకంటున్నానంటే, నిరుడు వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

తమ్ముడు సరస్సు రేవులో పడవలు అద్దెకి తిప్పుతాడు. కాళ్లతో తొక్కేవి ఏడు, తెడ్లు వేసేవి నాలుగు. ఆకులన్నీ రాలిపోయి చలి ఇంకా ముదరకముందు బడులకీ ఆఫీసులకీ ఓ వారం సెలవులొస్తాయి. ఏడాది మొత్తంలో ఆ వారమే వాడికి ఊపిరి. అది దాటితే చలికి నీళ్ల దగ్గరికి పిట్ట కూడా రాదు. పడవలన్నీ ఒడ్డుకి లాగి బోర్లించుకోవడమే.

నిరుడు ఆ వారానికి నేను రాసిన వాక్యం ఇది: "వారమంతా ప్రాంతంలో అక్కడక్కడా ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." రేడియో ఆమె దాన్ని ఎంతో శ్రద్ధగా చదివింది. జనం ఇళ్లు కదల్లేదు. కొండల మీద వాన కుమ్మేసింది. సరస్సు మీద మాత్రం ఏడు రోజులూ బంగారంలాంటి ఎండ. పదకొండు పడవలు రేవులో ఊగుతుంటే వాడొక్కడూ ఒడ్డున కూర్చున్నాడు.

అంతవరకే అయితే వాడు మర్చిపోయేవాడేమో. సెలవులయ్యాక ఫోన్ చేసి, "ఏంటక్కా ఇలా చేశావ్?" అన్నాడు. అంతే, నేను ఒంటికాలి మీద లేచాను. ఎందుకంటే మా ఆఫీసు పద్ధతిలో నేను రాసింది తప్పు కాదు. ప్రాంతమంతటికీ వాన కొలిచే డబ్బా మాకు ఒక్కటే ఉంది, అది కొండ మీద ఉంది. దాంట్లో నీళ్లు పడితే అంచనా ఒప్పు, పడకపోతే తప్పు. ఆ వారం డబ్బా పొంగింది. నా పేరు ఎదురుగా ఏడు రోజులకీ ఏడు ఒప్పులు పెట్టారు. మా పెద్దసారు అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. ఆ ఊపులో తమ్ముడితో అనేశాను. "నా బులెటిన్‌లో తప్పేం లేదురా. కావాలంటే వెళ్లి డబ్బా చూసుకో."

వాడు, "సరే అక్కా, ఇక డబ్బాతోనే మాట్లాడుకో," అని పెట్టేశాడు.

తప్పు నాదేనని మర్నాటికే నాకు తెలిసిపోయింది. ఒప్పుకోవడానికే నోరు పెగల్లేదు. ఇవాళ, రేపు అనుకుంటూ ఏడాది గడిపేశాను. సిగ్గుచేటే, కాదనను.

ఈసారి సెలవులకి రెండు రోజుల ముందు అమ్మ ఫోన్ చేసింది. "వాడు పడవలు అమ్మేస్తాడటే. ఈ వారం కూడా నిరుటిలా పోతే ఇక చాలంటున్నాడు. కొనేవాడితో మాట్లాడుకున్నాడు కూడా. వాడికి ఆ నీళ్లు తప్ప ఇంకేం తెలుసే?"

"నన్నేం చెయ్యమంటావమ్మా? ఎండ కాయించనా?"

"అంత మహిమే ఉంటే నీ ఇంట్లో బట్టలు ఎందుకు ముక్కిపోతాయి? ఎండ అక్కర్లేదు, వాడితో మాట్లాడు."

"వాడే మాట్లాడొచ్చుగా!"

"మీ ఇద్దరినీ కని నేను బాగుపడ్డాను," అని అమ్మ ఫోన్ పెట్టేసింది. మా ఇంట్లో ఫోన్లు పెట్టేయడంలో అందరమూ గట్టివాళ్లమే.

మర్నాడు పొద్దున్న వారం పటం నా ముందుకొచ్చింది. చూడ్డానికి అచ్చం నిరుటి పటమే. తూర్పు నుంచి తడిగాలి, కొండల మీద దట్టంగా మబ్బు, ప్రాంతమంతటికీ వారమంతా వాన గుర్తులు. చేతులు వాటంతటవే కదిలాయి. "అక్కడక్కడా" వరకు కొట్టి ఆగిపోయాను. కొండ సంగతి నాకు తెలుసు. మరి సరస్సు సంగతో? తూర్పు గాలి వీచినప్పుడు అక్కడ వాన పడుతుందో లేదో, పడితే ఏ వేళకి పడుతుందో, పాతికేళ్ల సర్వీసున్న నాకు తెలియదు! తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఏ పడవ ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు వచ్చింది, వాన వల్ల ఎప్పుడు ఆపేశారు, గాలి ఎటు నుంచి కొట్టింది, అన్నీ వాడు పుస్తకంలో రాసుకుంటాడు. వాడికి తప్ప ఆ పుస్తకం ఎవరికీ పట్టదు.

టీ చల్లారిపోయేదాకా ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి చేశాను.

"ఎవరు?" అన్నాడు. నంబరు చూసే అన్నాడు, దొంగ.

"నేన్రా."

"చెప్పండి."

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను 'అండి' అన్నది అదే మొదటిసారి. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"నిరుడు నేను రాసింది తప్పురా," అన్నాను. "డబ్బా ఒప్పంటే అంది. తప్పు మాత్రం నాది. నువ్వు అడిగిన రోజే చెప్పాల్సింది."

అవతల నీళ్ల చప్పుడు, పడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినపడ్డాయి. పెట్టేస్తాడేమోనని భయపడ్డాను.

"ఈ మాట అనడానికి ఏడాది పట్టిందా?" అన్నాడు ఎట్టకేలకి.

"పట్టింది. నా సంగతి నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే, ఇంకో రెండేళ్లు పడుతుందనుకున్నా."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ తర్వాత రెండు గంటల సేపు వాడు తొమ్మిదేళ్ల పడవల పుస్తకాలు తిరగేసి చదువుతుంటే నేను రాసుకున్నాను. తూర్పు గాలి ఎన్నాళ్లు వీచినా మబ్బుని కొండలే పట్టి ఉంచుతున్నాయి, రేవులో చుక్క పడటం లేదు. గాలి ఉత్తరానికి తిరిగిన రోజు మాత్రం, తిరిగిన రెండు గంటలకల్లా, మబ్బంతా ఒక్కసారిగా సరస్సు మీదకి దిగుతోంది. ఒకసారి కాదు, తొమ్మిదేళ్లలో పదమూడుసార్లు. మా పటం ప్రకారం ఈసారి గాలి తిరిగేది గురువారం మధ్యాహ్నం పన్నెండుకి.

బులెటిన్ తీసుకెళ్లి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన మంచివారే, కాకపోతే జాగ్రత్త ఎక్కువ.

"ఐదో వాక్యం ఏంటమ్మా?" అన్నారు. పైకి చదివారు. "సరస్సు రేవు దగ్గర గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు ఈదురుగాలితో గట్టి వాన కురుస్తుంది, మిగతా రోజుల్లో వాన ఉండదు." కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "రేవు దగ్గర మనకి డబ్బా లేదు కదా. తప్పో ఒప్పో మనకెలా తెలుస్తుంది?"

"మనకి తెలియకపోతే మానె. నీళ్ల మీదున్న వాళ్లకి తెలుస్తుంది సార్."

"గంటతో సహా రాశారు. తప్పించుకోవడానికి సందు లేదు."

"సందులన్నీ మూసేసే రాశాను."

"కనీసం 'అక్కడక్కడా' అన్నా పెట్టండి, నా మాట విని."

పెట్టలేదు. ఆయన నిట్టూర్చి సంతకం చేశారు. రేడియో ఆమెకి ఆరు సెకన్లు ఎక్కువ పట్టింది, పాటల వాళ్లు విసుక్కున్నారట. విసుక్కోనీ.

ఆదివారం నుంచి బుధవారం దాకా కొండల మీద వాన, రేవులో ఎండ. జనం విరగబడ్డారని అమ్మ పూటకోసారి ఫోన్ చేసి చెప్పింది. గురువారం సెలవు పెట్టి నేనే వెళ్లాను. ఇంట్లో కూర్చుంటే నా ప్రాణం నిలవదు.

రేవులో తమ్ముడు పాంటు మోకాళ్ల దాకా మడిచి, పడవలోకి పిల్లల్ని ఎక్కిస్తున్నాడు. ఏడాదిలో కాస్త చిక్కాడు. నన్ను చూసి తలూపాడు.

"రెండేనా?"

"రెండే."

అంతకంటే ఏమీ అడగలేదు. ఒంటిగంటన్నర కాగానే ఈల వేశాడు. పడవలన్నీ వెనక్కి రప్పించి ఒక్కొక్కటే తాళ్లతో కట్టేయడం మొదలుపెట్టాడు. వరసలో ఇంకా ముప్పై మంది దాకా ఉన్నారు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని గంట నుంచీ నిలబడ్డ ఒకాయన మండిపడ్డాడు. "ఎండకి కళ్లు తెరవలేకపోతుంటే వానేంటయ్యా? వేళాకోళమా?"

రెండైంది. ఏమీ లేదు. రెండూ పది. ఆకు కూడా కదల్లేదు. సగం మంది తిట్టుకుంటూ వెళ్లిపోయారు. పటంలో గాలి పన్నెండుకే తిరగాలి. తిరిగిందా? అసలు తిరుగుతుందా? రెండూ పదిహేనుకి ఇక ఆగలేక తమ్ముడి పక్కకి వెళ్లి గొంతు తగ్గించి అన్నాను.

"ఒరేయ్, నేనేమన్నా పొరబడ్డానేమోరా. పోనీ ఒక్క ట్రిప్పు తిప్పు. అందరూ వెళ్లిపోతున్నారు."

వాడు తాడు ముడి బిగిస్తూనే ఉన్నాడు. "నువ్వు రెండన్నావు. నేను కట్టేశాను. ఇక విప్పను."

ఆడపిల్లల తండ్రి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. "అసలు వానొస్తుందని నీకెవరు చెప్పారయ్యా?"

"మా అక్క," అన్నాడు తమ్ముడు, రేవంతా వినపడేలా.

అది విన్నాక వాన వచ్చినా రాకపోయినా ఒకటే అనిపించింది నాకు. కానీ వచ్చింది. రెండూ ఇరవై ఐదుకి ఉత్తరం వైపు నీళ్లు నల్లబడ్డాయి. ఎవరో "అదిగో" అనేలోపే గాలి ఒడ్డుని తాకింది. రాలిన ఆకులన్నీ మొహాల మీదకి లేచాయి. జనం రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. అలలు పడవల్ని ఎత్తెత్తి పడేస్తుంటే తాళ్లు కిర్రుమన్నాయి, ఒక్కటి కూడా తెగలేదు. ఆడపిల్లల తండ్రి పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని, కాసేపటి క్రితం వాళ్లు ఎక్కాల్సిన పడవ వైపే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత తమ్ముడికి దణ్ణం పెట్టాడు. వాడు నన్ను చూపించాడు.

షెడ్డు రేకుల మీద వాన మోతకి మాట వినపడటం లేదు. వాడి చెవి దగ్గరగా అడిగాను. "ఆ కొనేవాడికి ఏం చెప్పావురా?"

"అక్కర్లేదని చెప్పేశా."

"ఎప్పుడు? నిన్నా?"

"నువ్వు ఫోన్ చేసిన సాయంత్రమే."

నాకు అర్థం కాలేదు. "అప్పటికి సెలవులే మొదలవలేదు కదరా! ఈ వారం పోతే అమ్మేస్తానన్నావట?"

"అమ్మకి ఏదో ఒకటి చెప్పాలిగా," అన్నాడు నీళ్ల వైపు చూస్తూ. "ఇక్కడ పొద్దున్న లేస్తే చెయ్యాల్సిన మొదటి పని ఆకాశం చూడటం. చూసిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. ఎన్నాళ్లని చూస్తాను? అందుకని అమ్మేద్దామనుకున్నా."

"వెధవా," అన్నాను. జల్లు లోపలికి కొడుతుంటే వాడు గోడ వైపు జరిగి, నేను తడవకుండా పక్కన చోటిచ్చాడు.