వాలిన పాదం

కాఫీ కెటిల్ పట్టుకుని వంటింటి గుమ్మం దాటబోతుంటే తూయా కుడికాలి వేళ్ళు మళ్ళీ కాళ్ళు తుడుచుకునే పట్టాకు తగులుకున్నాయి. కాఫీ సగం నేలపాలైంది, సగం చేతిమీద పడింది. బల్ల దగ్గర రై గింజల రొట్టెకు వెన్న రాసుకుంటున్న మొగుడు ఆర్తో తలెత్తి చూశాడు.

“కాళ్ళెత్తి నడవడం కూడా నేర్పాలా నీకు?” అన్నాడు. అంటూనే మేజోళ్ళు తడవకుండా తన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

ఎత్తాననే అనుకుంది తూయా. అదే కదా చిక్కు. మోకాలు లేస్తోంది, మడమ లేస్తోంది, పాదం మాత్రం తడిగుడ్డలా కిందికి వేలాడుతోంది. ఆదివారం సాయంత్రం నుంచీ ఇదే తంతు. నొప్పి లేదు, వాపు లేదు, కనీసం చూపించుకోవడానికి ఒక గాయమైనా లేదు. అడుగు వేస్తే టప్పుమని చప్పుడు మాత్రం ఉంది. ఆ చప్పుడు వినగానే పక్కగదిలోంచి అత్తగారు ఐలా “బాతు వచ్చిందిరా” అంటుంది. ఆ మాటకి ఆర్తో నవ్వుతాడు. నవ్వాక “అమ్మ సరదాకి అంటుందిలే” అని ఒక సర్దుబాటు. చెయ్యి కాలినవాళ్ళకి చన్నీళ్ళు కావాలి గానీ సర్దుబాట్లెందుకు? తూయా కొళాయి కింద చెయ్యి పెట్టుకుని, ఆ తర్వాత తనే వంగి నేల తుడిచింది.

“ముగ్గురు పిల్లల్ని కన్నాను, ఆవుల్ని పితికాను, మంచులో నీళ్ళు మోశాను. నా పాదం ఎప్పుడైనా వాలిందా?” అని ఐలా అడుగుతూనే ఉంది.

ఊళ్ళోని ఆరోగ్యకేంద్రానికి ఆర్తోనే తీసుకెళ్ళాడు. కుడిపాదం లేవని మనిషి కారు బ్రేకు ఎలా తొక్కుతుంది? ఇన్నేళ్ళూ ఊరంతా తనే నడిపి తిప్పిన కారులో పక్కసీట్లో కూర్చుంటే ఆమెకు ఒళ్ళు మండింది. అక్కడి కుర్ర డాక్టరు “ఏం పని చేస్తారు?” అని అడిగాడు. తూయా నోరు తెరిచేలోపే ఆర్తో జవాబిచ్చాడు: “ఇంట్లోనే ఉంటుందండీ. స్ట్రాబెరీ తోట నాది.” డాక్టరు తల ఊపి నడుముకి స్కానింగు రాశాడు. స్కానింగులో వెన్నుపూసల మధ్య ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. అంతే, దొంగ దొరికాడన్నారు. ఆలస్యమైతే పాదం ఇక లేవకపోవచ్చనీ, వెన్నుకు ఆపరేషన్ చెయ్యాలేమోననీ చెప్పి పట్నంలోని పెద్దాసుపత్రికి పంపారు.

వెన్ను కోస్తారంటే తూయాకి భయమేసింది. ఇంట్లోవాళ్ళ భయం వేరు. “పళ్ళ కోత మధ్యలో ఆపరేషన్ పెట్టుకుంటే ఎలా? తోటలో పనివాళ్ళకి సూప్ ఎవరు కాస్తారు?” అంది ఐలా. కోడలి నడుములో ఉన్నది వెన్నెముక కాదు, వంటింటి గరిటె అయినట్టు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు సాతు నెరిసిన జుట్టావిడ. స్కానింగు పక్కన పెట్టేసి ముందు తూయా మేజోడు విప్పించింది.

“పాదం పైకి లేపండి.” లేవలేదు. “బయటివైపుకి తిప్పండి.” తిరగలేదు. “ఇప్పుడు లోపలికి, నా చేతిని తొయ్యండి.” తూయా తోసిన తోపుకి డాక్టరు చెయ్యి పక్కకి పోయింది.

“ఇంత బలముందే! నడుములో నరం నలిగితే ఇది కూడా నీరసపడాలి కదా,” అంటూ సాతు మోకాలికి కిందుగా, బయటివైపున్న ఎముక బుడిపె మీద వేలితో తట్టింది. పాదం పైదాకా కరెంటు పాకినట్టు జివ్వుమంది. తూయా ఉలిక్కిపడింది.

“ఇక్కడా సంగతి! ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నారా? ఈ నరం ఎముకకీ చర్మానికీ మధ్య పైపైనే ఉంటుంది, గంటల తరబడి నొక్కుకుపోతే చచ్చుబడుతుంది. స్ట్రాబెరీ తోటల్లో పనిచేసేవాళ్ళకి ఇది వస్తూనే ఉంటుంది.”

ఆర్తో నవ్వాడు. “ఈవిడ కూలిమనిషి కాదండీ, నా భార్య.”

“నేను మిమ్మల్ని అడగలేదు,” అంది సాతు. “తూయా, ఆదివారం ఏం చేశారు?”

“ఏమీ లేదు,” అంది తూయా అలవాటుగా. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తన మీద తనకే చిరాకు పుట్టింది. ఏమీ లేకపోవడమేమిటి? ఆదివారం కూలీలకి సెలవు. ఆర్తో పట్నం సంతలో పళ్ళ బుట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. మొక్కలు తీగలు సాగాయి, కోయకపోతే పళ్ళ బలమంతా వాటికే పోతుంది. వాన పడి నేల బురదగా ఉంది, మోకాళ్ళానితే తడి. అందుకని మడమల మీద గొంతుక్కూర్చుని, కత్తెరతో ఒక్కో తీగా కత్తిరించుకుంటూ, లేవకుండా సాలు వెంట సాలు జరుగుతూ పోయింది. మధ్యాహ్నం లేచి ఐలాకి భోజనం పెట్టి, గిన్నెలు కడిగి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. వెలుతురుండగానే పూర్తి చెయ్యాలని పంతం. ఆ ఉత్తరాది చలిదేశంలో వేసవి వెలుతురు రాత్రి పదకొండింటిదాకా పోదు. లేచేసరికి కాలు తిమ్మిరెక్కింది. తగ్గుతుందిలే అనుకుని కుంటుతూ ఇంటికొచ్చి ఆర్తోకి భోజనం వడ్డించింది. ఇదంతా ఆమె పైకి చెప్పింది. చెప్తున్నకొద్దీ గొంతు పెరిగింది.

నరానికి కరెంటు పరీక్ష పెట్టారు. సంకేతం మోకాలి దగ్గరికొచ్చి ఆగిపోతోంది. నడుములో తప్పేమీ లేదు, డిస్కులో ఆ ఉబ్బు ఈ వయసులో చాలామందికి ఉండేదే. ఆపరేషన్ అక్కర్లేదు. పాదానికి పట్టీ కట్టుకుంటే, గొంతుక్కూర్చోవడం మానేస్తే, కొన్ని నెలల్లో నరం కోలుకుంటుంది.

“మీ తోటలో పనివాళ్ళకి ఈ జాగ్రత్త చెప్పరా?” అని సాతు అడిగింది.

“ఎందుకు చెప్పం?” అన్నాడు ఆర్తో పౌరుషంగా. “కోతకి ముందు నర్సుని పిలిపించి, పెరట్లో అందర్నీ నిలబెట్టి చెప్పించాను. గంటగంటకీ లేవాలని, చిన్న పీటల మీద కూర్చోవాలని. ఒక్కరు కూడా తప్పించుకోలేదు.”

“అప్పుడు నేను లోపల మీ అందరికీ కాఫీ పెడుతున్నాను,” అంది తూయా.

సాతు పట్టీకి చీటీ రాసి తూయా చేతికే ఇచ్చింది.

తిరుగు దారిలో ఆర్తో హుషారుగా ఉన్నాడు. “అమ్మయ్య, ఆపరేషన్ గోల తప్పింది. ఇంకేం, నువ్వూ ఒక పీట వేసుకుని కోసుకుందువుగాని.” తూయా కిటికీవైపు తిరిగింది. వెన్నెముక దక్కిందని ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి అతను తన మాటకి కరిగిందనుకుంటాడేమోనని దాన్ని మింగేసింది.

“మనిషిని పెట్టుకో,” అంది.

మర్నాడు భోజనాల దగ్గర, ఐలా కూడా కూర్చుని ఉండగా, ఆర్తో విసుక్కుంటూనే కూలీలని కుదిర్చే మెర్వికి ఫోను చేశాడు. రెండు చేతులా రొట్టె తుంచుకుంటున్నాడు కాబట్టి ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాడు. తీగలు కోయాలన్నాడు. మొక్కల కింద గడ్డి పరవాలన్నాడు, పనివాళ్ళకి వంట కూడా చూడాలన్నాడు.

“ఇంత పనా?” అంది మెర్వి. “ఇన్నాళ్ళూ చేసిన మనిషి ఎందుకు మానేసింది? కొత్తగా వచ్చేవాళ్ళు ముందు అదే అడుగుతారు, ఆర్తో.”

“ఇన్నాళ్ళూ ఎవరూ లేరు,” అన్నాడు ఆర్తో, రొట్టె నములుతూ.

తూయా చెంచా కింద పెట్టింది. ఫోనుని తనవైపు లాక్కుంది.

“ఉంది, మెర్వీ. నేనే. ఆ తోటలో పని చేసి కాలు పడిపోయింది, అందుకని మానేసిందని చెప్పు.”