సంతకం లేని సెలవు

ప్రెస్సు దిమ్మె దిగిన ప్రతిసారీ బ్రహ్మచారి దవడ బిగుసుకునేది. రేకు పెట్టడం, పెడలు తొక్కడం, తయారైన గిన్నె మూత తీయడం. బోయిగూడ సందులోని ఆ స్టీలు గిన్నెల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఎడమచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గరే ఆగిపోతుంది. అది తెగిన రోజు గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పనిచేశాడు. సెలవు అడగాలని తట్టనే లేదు.

పదకొండింటికి మెషీన్లు ఆపించారు. మధ్యాహ్నం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తోందట. సూపర్‌వైజర్ హరికిషన్ సెలవుల రిజిస్టరు తెచ్చాడు. ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవివ్వాలని చట్టం. ఎన్నడూ ఇవ్వని ఆ సెలవులన్నీ ఒకే సిరాతో, తేదీలతో సహా నిండి ఉన్నాయి. అందరూ వరసగా సంతకాలు పెట్టారు.

బ్రహ్మచారి తన పేజీ కూడబలుక్కుని చదివాడు. ఒకచోట ఆగాడు.

"జూలై పద్నాలుగు నాకు సెలవిచ్చిన్రా సార్?"

"రాసుంది గదరా. పెట్టు సంతకం."

"గా దినమే మా ఎల్లమ్మ పానం పోయింది. జెర ఇంటికి పోతనని మీ కాల్మొక్కిన. గేటుకు తాళమేసిన్రు."

ఆ రోజు సరుకు లారీకెక్కాలి. మెట్టుగూడ గదిలో భార్యకు ఊపిరాడటం లేదని పక్కింటివాళ్లు నాలుగుసార్లు ఫోన్ చేశారు. పని ముగించుకుని అతను వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఒళ్లు మాత్రం చల్లబడింది.

హరికిషన్ చెంప పగలగొట్టాడు. మెడ పట్టి రిజిస్టరు మీదికి వంచాడు. పెదవి చిట్లి కాగితం మీద నెత్తురు పడింది.

"పెట్టను" అన్నాడు బ్రహ్మచారి. ఇన్నేళ్లలో మొదటిసారి అతని చేయి లేచి ఆ చొక్కా కాలర్ పట్టుకుంది.

హరికిషన్ రెండు చేతులతో తోశాడు. తల వెనక భాగం ప్రెస్సు ఇనుప అంచుకు కొట్టుకున్న చప్పుడు షెడ్డంతా వినబడింది. కిందపడ్డవాణ్ణి డొక్కలో రెండుసార్లు తన్ని వెళ్లాడు.

ప్యాకింగులో పనిచేసే ప్రేమమణి పరుగెత్తుకొచ్చి చున్నీ కట్టింది.

"అన్నా, దవాఖానకు పోదాం లే."

"ఇన్‌స్పెక్టర్ మేడం రానియ్యి. చెప్పి పోత."

అట్టపెట్టెలకు జారగిలబడి కూర్చున్నాడు. ఆమె ఒకసారి నీళ్లు తాగించింది. రెండోసారి తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది, కళ్లు గేటు వైపే ఉన్నాయి. ముక్కు దగ్గర చేయి పెట్టి చూసి, గ్లాసు కింద పెట్టేసింది.

హరికిషన్ తిరిగొచ్చి చూశాడు. రిజిస్టరులో బ్రహ్మచారి పేజీ తెరిచి ఇవాళ్టి తేదీకి ఎదురుగా 'సెలవు' అని రాశాడు. శవాన్ని తుక్కు కుప్ప వెనక్కి ఈడ్పించాడు.

"వీడు ఇయ్యాల పనికే రాలే. ఎవరన్న నోరు తెరిస్తే గదే గతి."

బయట జీపు ఆగింది. ఎవరూ కదల్లేదు. ప్రేమమణి ఒక్కతే నడిచివెళ్లి గేటు తీసింది.

"మేడం, బ్రహ్మచారన్న పనికొచ్చిండు. సెలవు గిట్ల ఏం లేదు. కొట్టి సంపిన్రు. రాండ్రి, చూపిస్త."

పొద్దు వాలకముందే పోలీసులు హరికిషన్‌ను తీసుకుపోయారు. రిజిస్టరు కూడా వాళ్లతోనే పోయింది. పనివాళ్లు ఒక్కొక్కరుగా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాక, గుమ్మం పక్కన ఒక్క జత మిగిలింది, కుడిదాని తెగిన పట్టీకి రాగి తీగ కుట్టుతో.