అంచు పోకుండా

గాజుపలక మూలన అట్టముక్క పెట్టి, దాని ఆసరాతో కాగితాన్ని వేలెడు లోపలికి జరిపాడాయన. ఆ ముసలి జిరాక్సు మిషన్‌కు ఒక రోగముంది, కాగితం కొసల్ని మింగేస్తుంది. కాపీకి కాపీ తీస్తే ఇంకాస్త, దానికీ తీస్తే మరికాస్త, చివరికి అక్షరాలే తెగిపోతాయి. అందుకని ఈ అట్టను తనే కత్తిరించుకుని, కాపీని కొంచెం చిన్నదిగా తీసి, అంచులు కాపాడుతుంటాడు. వీధంతా ఆయన్ని అంచులయ్య అంటుంది. అసలు పేరు కొట్టు యజమానికైనా గుర్తుందో లేదో!

పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీల మీదికి పొంగాయి. ఎడమ ముంజేతి మీద సూదుల కోసం డాక్టర్లు కలిపిన నరం తాడులా లేచి ఉంది, తాకితే జుమ్మని అదురుతుంది. కిడ్నీలు పాడై ఏళ్ళయింది. రోజు విడిచి రోజు ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. నిన్న వెళ్ళలేదు, అంతకు ముందుసారీ ఎగ్గొట్టాడు. పని ఎక్కువుందని సాకు చెప్పాడు గానీ, అసలు సంగతి విసుగు. బతకడానికీ ఓపిక కావాలి మరి, అదెక్కడ అమ్ముతారు?

మధ్యాహ్నం అక్క వచ్చింది. అమ్మ పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని, వేళ్ళు నాని తెల్లగా పాలిపోయాయి. ఆవిడ కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఈయనే ఒప్పుకోడు.

"రెండుసార్లు వెళ్ళలేదట. నర్సు చెప్పింది. సిగ్గుందట్రా నీకు?"

"సిగ్గుందక్కా. ఓపికే లేదు."

"మాటలకు మాత్రం తక్కువ లేదు."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా? కణం రెండుగా చీలినప్పుడల్లా లోపలి పోగుల కొసలు కాస్త అరుగుతాయట. టెలోమియర్లంటారట. అందరికీ అరిగేవేనట గానీ, నాలాంటి వాళ్ళలో మరీ కురచగా కనబడుతున్నాయట. జబ్బు వల్ల అరుగుతున్నాయో, అరిగినందుకే జబ్బు ముదురుతోందో ఇంకా తేలలేదంది. మొత్తానికి నన్ను కాపీకి కాపీ తీసేశారు. అంచులయ్యకే అంచు లేదు!"

"నీ వెటకారం తగలెయ్య! నాది తీసుకోరా అంటే వినవు."

"ఒకటి నాకిచ్చాక నీ రెండోది మొరాయిస్తే? అప్పుడు నీకెవరిస్తారు?"

అంతలో ఒకావిడ కాగితాల కట్టతో వచ్చి అక్క వైపు తిరిగింది. "రెండువైపులా తీయమని మీ నాన్నగారికి చెప్పండమ్మా."

అక్కకు నవ్వొచ్చింది. ఆవిడ వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది, తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎనిమిదేళ్ళు పెద్దదాన్నిరా నీకంటే. చంకనేసుకుని తిప్పాను. ఇప్పుడు నువ్వు నాకు నాన్నవైపోయావు. ఇంతకన్నా పోగొట్టుకునేది ఏముందిరా నాకు?"

ఆయన మిషన్ మూత మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"సరేనక్కా. తీసుకుంటా."

"ఒట్టు?"

"ఒట్టు. ఇవాళ రక్తం కూడా కడిగించుకుంటా, పద. ఉండు, ఆసుపత్రివాళ్ళకి నీ ఆధార్ కార్డు కాపీ కావాలి. నువ్వే తియ్యి, పచ్చ బొత్తాం నొక్కు. అంచు జాగ్రత్త. ఈలోగా నేను కాస్త కూర్చుంటా."

గోడకు ఆనుకుని కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు. అక్క అట్టముక్కను మూలకు జరిపి, కార్డు దానికి ఆనించి, బొత్తాం నొక్కింది. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది చక్కగా వచ్చింది.

"ఒరేయ్ చూడు, ఒక్క గీతైనా పోలేదు!"

పలకలేదు. ఆ మొహంలో విసుగు లేకుండా చూసి ఎన్నాళ్ళయిందో, పడుకోనీ అనుకుంది. ఎవరో కాగితం పట్టుకుని వస్తే, "తమ్ముడు నిద్రపోతున్నాడు, కాసేపాగి రండి" అని గుసగుసగా చెప్పి పంపేసింది.

చాలాసేపటికి, ఇక లేపుదామని ఎడమ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ జుమ్మని అదిరే నరం అదరడం లేదు.

"ఒట్టేశావు కదరా," అంది.

ఆసుపత్రివాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళారు. ఆవిడా వెనకే పరుగెత్తింది. కొట్టులో మిషన్ ఇంకా వెచ్చగా ఉంది. గాజుపలక మీద ఆవిడ కార్డు, దాన్ని వేలెడు లోపలికి పట్టి ఉంచిన అట్టముక్క.