తొమ్మిదో రోజు దాకా ఊడ్చం

నాలుగో రోజు పొద్దున ఆరింటికే బాల్దొమేరో చీపుళ్లు పంచడం మొదలుపెట్టాడు. పంచుతున్నాడేగాని ఒక్కరి మొహంలోకీ చూడడు. అదొక్కటి చాలు, ఈ మేస్త్రీ చేయించబోయేది పాడుపనేనని ఒదీలియాకు తెలిసిపోవడానికి.

"లైబ్రరీ హాల్లో ఆ సున్నమంతా ఊడ్చి తడిబట్ట పెట్టండి. ఎనిమిదింటికల్లా నేల అద్దంలా ఉండాలని కాంట్రాక్టరు చెప్పాడు," అన్నాడు.

ఊడ్చేవాళ్లు పద్నాలుగు మంది. ఒక్కరూ కదల్లేదు.

ఆ హాల్లో నేల మీద మూడొందల పన్నెండు సున్నపు సిలువలున్నాయి. మూడేళ్లలో పని వెతుక్కుంటూ దొంగదారిన సరిహద్దు దాటబోయి ఈ జిల్లా ఎడారిలో దాహానికీ ఎండకీ రాలిపోయిన మనుషులకు, తలా ఒకటి. బొమ్మలు గీయడం నేర్చుకునే కాలేజీ పిల్లలు పెట్టిన ప్రదర్శన అది. రెండు వారాలు ఉంచుకోండని కాలేజీ పెద్దలే సంతకం చేసి ఇచ్చారు. ఇప్పుడు మాట మార్చారు. ఎందుకంటే శనివారం సాయంత్రం అదే హాల్లో విందు. వచ్చేది కాలేజీకి కొత్త భవనం కట్టిస్తానన్న దొర. సరిహద్దు గోడకు ఇనుము అమ్మి కోట్లు వెనకేసిన దొర! ఆయన బూటుకు సున్నం అంటకూడదు, చచ్చినవాళ్లు ఆయన కంట పడకూడదు. అదీ సంగతి.

నిజానికి పిల్లలు సుద్దముక్కలతో గీద్దామనుకున్నారు. ప్రదర్శన నడిపే యారెలి అనే అమ్మాయి వచ్చి, "తాతా, నడిచినా చెరిగిపోకుండా దేంతో గీయాలి?" అని ఫిదెన్సియోను అడిగింది. ఊడ్చేవాళ్లలో అందరికంటే పెద్దవాడు ఆయన. సొంతూళ్లో చావు ప్రార్థనలు చెప్పించినవాడు. ఏ ధ్యాసలో ఉన్నాడో, "సున్నం" అనేశాడు. మొదటి సిలువ తనే వంగి గీసి చూపించాడు. లేచి నిలబడి, చూసుకుని, టోపీ తీసేశాడు.

"ఓరి దేవుడా, ఎంతపని చేశాను," అన్నాడు.

సరిహద్దుకు అవతల, ఊడ్చేవాళ్ల సొంత కొండల్లో మనిషి పోతే శవాన్ని పడుకోబెట్టిన చోట సున్నంతో సిలువ గీస్తారు. తొమ్మిది రోజులు జపమాల చెబుతారు. తొమ్మిదో రోజు ఆ సున్నం ఎత్తి సమాధిలో కలుపుతారు. అందాకా మనిషి ఇంట్లో ఉన్నట్టే లెక్క. మధ్యలో ఊడ్చారంటే ఆ జీవుడు దారి తప్పి తిరగాల్సిందే. పిల్లలకు అది బొమ్మ. ఊడ్చేవాళ్లకు మాత్రం అది చావిల్లు. ఎవరికీ తెలియకుండానే మూడొందల పన్నెండు మందిని ఆ నేలమీద పడుకోబెట్టేశారు.

అందులో ఒదీలియా తమ్ముడు సెల్సో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. రెండేళ్ల కిందట జూన్ నెలలో, "రేపు దాటుతున్నా అక్కా" అని ఫోన్ చేశాడు. మళ్లీ ఫోన్ రాలేదు. శవం చూడకుండా ప్రార్థనలేంటని ఊళ్లో తల్లి ఒప్పుకోలేదు. ఒదీలియా రెండేళ్లుగా ఏడుపు గొంతులోనే కుక్కుకుని బతికింది. ఇక్కడ హాలు మూల ఒక సిలువ పక్కన చీటీ ఉంది: "పేరు తెలియదు. మగ. ఇరవై, ముప్పై మధ్య. బెల్టుకు బదులు ఎర్రతాడు." వాడే కావచ్చు. కాకపోనూవచ్చు. సోమవారం నుంచీ ఆమె మధ్యాహ్నం తిండి మానేసి ఆ సిలువ దగ్గరే మోకరిస్తోంది. మూడు రోజులు గడిచాయి. ఇంకో ఆరు రోజులు ఆ సున్నం కదలకుండా ఉంటే చాలు, తమ్ముడికి ఏదో ఒక సాగనంపు దొరుకుతుంది. ఆమె అడిగేది అంతే.

"ఊడ్చం," అంది.

"ఏంటీ?"

"తొమ్మిదో రోజు దాకా ఊడ్చం. మంగళవారం మధ్యాహ్నం మేమే ఎత్తి, మేమే తుడిచి పెడతాం. అప్పటిదాకా నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా ఊడ్చం."

బాల్దొమేరో గొంతు తగ్గించాడు. "చూడక్కా, నేనేం పరాయివాణ్ణా? మా అమ్మ కూడా ఆ ఎడారి దాటే వచ్చింది."

"దాటింది కాబట్టి నువ్వు పుట్టావు. దాటకపోయుంటే మీ అమ్మ కూడా ఈ నేలమీదే ఉండేది. ఊడ్చేవాడివా?" అన్నాడు ఫిదెన్సియో.

ఎవరో కిసుక్కున నవ్వారు. బాల్దొమేరో మొహం ఎర్రబడింది.

"నవ్వండి, నవ్వండి. మీ కాగితాలన్నీ కాంట్రాక్టరు బీరువాలో ఉన్నాయి. ఏది అసలుదో ఏది దొంగదో ఆయనకు తెలియదనుకుంటున్నారా? వలసల శాఖకు ఒక్క ఫోన్ కొడితే చాలు."

నవ్వు ఆగిపోయింది. ఒదీలియా కాగితం అసలుది కాదు. అయినా చీపురు తీసుకెళ్లి గోడకు ఆనించి వచ్చింది. మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్క చీపురే గోడకు చేరింది.

ఆ మధ్యాహ్నం వంటశాల వెనక మీటింగు పెట్టుకున్నారు. పిల్లలూ వచ్చారు. యారెలి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఫొటోలు తీశాం కదక్కా. పేపర్లోనూ వచ్చింది. నలుగురికీ తెలియాలనేగా పెట్టాం, తెలిసింది. మా బొమ్మల కోసం మీ ఉద్యోగాలు పోతే ఆ పాపం మేం మొయ్యలేం."

ఒదీలియాకు ఒళ్లు మండింది. "బొమ్మలా? ఏమ్మాయ్, ఫొటో తీసుకుని శవాన్ని వీధిలో వదిలేసి పోతారా ఎవరన్నా? పడుకోబెట్టడానికైతే పరిగెత్తుకొచ్చారు. లేవనెత్తడానికి రారా?"

"అది కాదక్కా..."

"అదే! చదువుకున్నోళ్లు చచ్చినోళ్లని చూపిస్తారు, మేం ఊడుస్తాం. ఎప్పుడూ ఇదేగా వాటా!"

ఫిదెన్సియో మధ్యలోకి వచ్చాడు. "తిట్టుకోవడం తర్వాత. అసలు చిక్కు వినండి. సిలువను సొంతవాళ్లు ఎత్తకూడదు. బయటివాళ్లు జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో నిలబడాలి, ఒక్కో సిలువకు ఒక్కో మనిషి. మనమేమో పద్నాలుగు మందిమి."

యారెలి ముక్కు తుడుచుకుని బొమ్మల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది.

"వంటవాళ్లు ఎంతమంది ఉంటారు తాతా? తోటపనివాళ్లు? బట్టలుతికేచోట? చెప్పండి, ఇంటింటికీ పోదాం."

మనుషులు చాలకపోవడమే వాళ్లను మనుషుల దగ్గరికి నడిపించింది. పద్నాలుగు మందితో పనైపోయేదైతే ఈ కథే లేదు. ఆ సాయంత్రం చదువుకునే పిల్లలు తొలిసారి గిన్నెలు కడిగేవాళ్ల గుమ్మాల్లో కూర్చుని, వాళ్లు పెట్టిన మొక్కజొన్న రొట్టెలు తిన్నారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దాటినవాళ్లున్నారు, ఎవరో ఒకరు రానివాళ్లున్నారు.

శుక్రవారం కాంట్రాక్టరు తెలివి చూపించాడు. రోడ్డుపక్క కూలి కోసం నిలబడ్డవాళ్లను ఇరవై మందిని రెండు వ్యాన్లలో ఎక్కించి తెచ్చాడు. పిల్లలు చేతులు కలిపి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "అడ్డు లేవండి!" అని బాల్దొమేరో, "చంపినా లేవం!" అని పిల్లలు. తోపులాట మొదలైంది.

"దారివ్వండి," అంది ఒదీలియా.

"అక్కా, నీకేమన్నా మతిపోయిందా?" అని యారెలి అరిచింది.

"ఇవ్వమంటున్నానా! లోపలికి రానీ. కళ్లతో చూడనీ."

కూలీలు చీపుళ్లతో లోపలికి వచ్చారు. నాలుగడుగులు వేశారో లేదో ముందున్నవాడు ఆగిపోయాడు. ప్యాంటు నిండా సిమెంటు మరకలున్న మనిషి. నేల వంక చూశాడు, టోపీ తీశాడు.

"ఎన్నో రోజమ్మా?" అని అడిగాడు.

"అయిదో రోజన్నా."

అతను బాల్దొమేరో వైపు తిరిగాడు. "అయిదో రోజున చీపురు పట్టిస్తావట్రా మాచేత? నీకు అమ్మా అబ్బా లేరా? వాళ్లు పోతే ఇలాగే ఊడ్పిస్తావా?"

"నీకెందుకయ్యా, చెప్పిన పని చెయ్!"

"నువ్వే చేసుకో." చీపురు వాడి కాళ్ల దగ్గర పడేశాడు. వెనక పందొమ్మిది చీపుళ్లూ పడ్డాయి. ఆ ఇరవై మందీ మధ్యాహ్నం జపమాలకు కూర్చున్నారు. వాళ్ల పక్కన పిల్లలు మాటలు తెలియకపోయినా పెదవులు కదిపారు. ఒదీలియాకు ఆ రోజు ఆకలి వేసింది.

శనివారం విందు వేరే భవనంలో జరిగింది. హాల్లో నేల బాగుచేయిస్తున్నామని దొరకు చెప్పారట. నిజమే, బాగుపడుతూనే ఉంది మరి!

సోమవారం బాల్దొమేరో ఒంటరిగా వచ్చాడు. "అక్కా, రేపు రావద్దు. కాంట్రాక్టరు పోలీసులకు నీ పేరు చెప్పేశాడు. ఇవాళే ఎటన్నా వెళ్లిపో."

"ఎల్లుండి ఎక్కడికి పొమ్మన్నా పోతా. రేపు మాత్రం వస్తా."

"ఉన్నాడో లేడో తెలియని తమ్ముడి కోసం నిన్ను నువ్వు చంపుకుంటావా?"

"రెండేళ్లు బతికే ఉన్నా కదరా, ఏం బాగుపడ్డాను?" అంది. వాడు వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం హాలు పట్టలేదు. వంటవాళ్లు, తోటవాళ్లు, కూలీలు, పిల్లలు, పాఠాలు చెప్పే పంతుళ్లు ఇద్దరు ముగ్గురు. కొన్ని సిలువల దగ్గర ఇద్దరిద్దరు నిలబడ్డారు.

"చీపుళ్లు వద్దు, చేతుల్తో ఎత్తాలి," అన్నాడు ఫిదెన్సియో. "ఇంకో మాట. ఎత్తినవాళ్లు ఆ ఇంటికి చుట్టాలైపోతారు. ఇవాళ్టికి కాదు, చచ్చేదాకా. చావుకీ పెళ్లికీ రావాలి, కష్టానికి ముందు రావాలి. కుదరనివాళ్లు ఇప్పుడే వెళ్లిపోండి."

ఎవరూ వెళ్లలేదు. ఎర్రతాడు చీటీ దగ్గర యారెలి మోకరించింది. తలవైపు నుంచి మొదలుపెట్టి సున్నాన్ని అరచేత్తో కూడదీసి, తెల్లబట్టలో పోసింది. నేల ఖాళీ అయింది. అప్పుడు ఒదీలియా గొంతులోంచి రెండేళ్ల ఏడుపు బయటికి వచ్చింది. "ఒరే సెల్సో! ఒరే నా తండ్రీ!" అని నేలను కొట్టుకుంటూ ఏడ్చింది. ఎంతమంది చేతులు ఆమె వీపు మీద పడ్డాయో ఆమెకే తెలియదు. ఏడ్చి ఏడ్చి లేచేసరికి ఒళ్లు తేలికపడింది.

గుమ్మంలో వలసల శాఖ పోలీసులు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"ఒదీలియా ఎవరు?"

"నేనే," అని ముందుకు నడిచింది. బేడీలు వేశారు. జనం గొల్లుమన్నారు. పోలీసుల పెద్ద చెయ్యెత్తాడు.

"గొడవ చేయకండి. ఈవిడ బంధువులెవరన్నా ఉంటే ఉండండి. మిగతావాళ్లంతా బయటికి నడవండి."

ఒక్కరూ కదల్లేదు.

"వినపడలేదా? బంధువులు తప్ప!"

"నేను ఆమె చెల్లెల్ని," అంది యారెలి.

"నేను తాతని," అన్నాడు ఫిదెన్సియో.

"నేను మేనమామని," అన్నాడు సిమెంటు మరకల మనిషి.

"పిన్నిని." "వదినని." "బావని, సొంత బావని!" వెనక వరసల నుంచి ఒక పంతులు, "నేను పెదనాన్నని" అని బెదురుతూనే అన్నాడు.

"నవ్వులాటగా ఉందా? మీలో ఒక్కరికన్నా పోలిక ఉందా?"

"పోలికలు తర్వాత చూసుకుందువుగాని, ముందు పేర్లు రాసుకో," అంది ఒక వంటమనిషి. "నాది మొదట రాయి."

ఒదీలియాను లాక్కెళ్లి వ్యాన్ ఎక్కించారు. తలుపు వేశారు, ఇంజను స్టార్ట్ చేశారు. వ్యాన్ కదలడానికి దారి లేదు. ముందు చుట్టాలు, వెనక చుట్టాలు, టైర్ల పక్కన నేలమీద కూర్చున్న చుట్టాలు, చేతుల్లో సున్నం మూటలతో. రేపటి నుంచి ఈ కాలేజీలో చీపురు లేవదని, పొయ్యి వెలగదని ఎవరో అరిచారు. లేవదు, వెలగదు అని అందరూ అందుకున్నారు.

ఒదీలియా కిటికీ జాలీకి మొహం ఆనించింది. "ముందు వాణ్ణి మట్టిలో కలిపి రండే! నా సంగతి తర్వాత!" అని అరిచింది.

యారెలి మూటను గుండెలకు అదుముకుని వ్యాన్ ముందే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తర్వాత లేదక్కా. ఇద్దరి సంగతీ ఇవాళే."