పాలు పొంగిన గదులు

సౌదామిని నిన్న కంప్యూటర్లో ఫోటోలు కత్తిరించే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించుకుంది. ఈ ఉదయం ఆమె ఇంట్లో హాలుకీ వెనకగదికీ మధ్య కొత్త గది ఒకటి ఉంది. కంప్యూటర్లో డాక్యుమెంట్స్ తెరిస్తే అక్కడా అదే ప్రోగ్రామ్ పేరుతో పచ్చటి ఫోల్డర్ ఒకటి తిష్ఠ వేసుకుని ఉంది. ఇందులో వింతేమీ లేదు. కాకినాడలోని ఆ వీధిలో ఎవరి డాక్యుమెంట్స్ వాళ్ళ ఇంట్లోనే ఉంటాయి; అక్కడ ఫోల్డర్ లేస్తే ఇక్కడ గది లేస్తుంది.

సౌదామిని డాక్యుమెంట్స్‌లో దాచుకున్నది ఒక్కటే, పోయినేడు కన్నుమూసిన అన్నయ్య నాగేంద్రం నవ్వు. ఫోన్లో పొరపాటున రికార్డయింది. ఎందుకు నవ్వాడో ఎవరికీ గుర్తు లేదు. రోజూ కాఫీ కలుపుకునే ముందు ఆమె అది ఉండే వెనకగది తలుపు తీసి, ఆ నవ్వు విని, తలుపు దగ్గరగా వేసి వస్తుంది.

కొత్త గదిలో ఏమీ లేదు, కిటికీ కూడా. అడక్కుండా లేచిన గదే అయినా, పాలు పొంగించకుండా వదిలెయ్యడానికి ఆమెకు మనసొప్పదు. స్టవ్ మోసుకెళ్ళి తూర్పు మూల పెట్టి, గిన్నె ఎక్కించి, పాలు పొంగేదాకా నిలబడుతుంది. అంతకన్నా బుద్ధితక్కువ పని ఆమె జన్మలో చెయ్యలేదు.

పాలు పొంగిన వాసన తగిలిందేమో, మధ్యాహ్నానికి కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్న క్యారమ్స్ ఆటకో గది, జాతకాలు వేసే ప్రోగ్రామ్‌కో గది లేస్తాయి. వెనకగది అంతంత దూరం జరుగుతుంది. నవ్వు ఇప్పుడు పక్క వీధిలోంచి వస్తున్నట్టుంది.

సౌదామిని గునపం తీసుకుని మొదటి గదిని కూల్చేస్తుంది. దుమ్ము సర్దుకోకముందే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న తాపీమేస్త్రీ ఒకాయన వచ్చి, నమస్కారం పెట్టి, గోడ మళ్ళీ లేపుతాడు. కూలిస్తే లేపుతాడు. విసుగూ చూపించడు, ఆపడూ. ప్రోగ్రామ్ సెట్టింగులన్నీ గాలిస్తే గోడకు ఏ రంగు కావాలో చెప్పే వీలుంది, గోడే వద్దని చెప్పే వీలు లేదు. ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

"ఎవరు కట్టమన్నారండీ మిమ్మల్ని?" అని నిలదీస్తుంది.

"పాలు మీరే పొంగించారు కదండీ. పాలు పొంగాక మేం ఇంటివాళ్ళమే."

"పోనీ, అందులో పెట్టుకోడానికి మీకు సామానేముంది?"

"ఏమీ లేదండి. ఎప్పుడైనా ఉంటే పెట్టుకుందామని."

ఎదురింట్లో కంప్యూటర్లు బాగుచేసే రజియా ఉంటుంది. సౌదామిని వెళ్ళి ఆమె ముందు కూలబడి, ఇలాగే సాగితే రేపటికి అన్నయ్య నవ్వు ఊరు దాటిపోతుందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

"కూల్చి లాభం లేదక్కా," అంటుంది రజియా. "గది లేచే చోట, ఆ పేరుతోనే, గది కానిదేదన్నా ముందే పెట్టెయ్యి. పేరు చూసి, గది ఉందనుకుని పోతారు."

సౌదామిని గదులు కూల్చేసి, మేస్త్రీలు వచ్చేలోగా రుబ్బురోలు మీద సుద్దముక్కతో క్యారమ్స్ అని రాసి దొర్లించుకొస్తుంది. మూతి దాకా ఆవకాయ నిండిన జాడీ మీద జాతకం అని రాస్తుంది. ఆ రెండు గదుల మేస్త్రీలూ వచ్చి, పేర్లు చదివి, ఉన్నట్టుందే అనుకుంటూ వెళ్ళి గుమ్మం బయట కూర్చుంటారు. వెనకగది అంత మేరా దగ్గరికి జరుగుతుంది. ఆమె ప్రాణం కాస్త కుదుటపడుతుంది.

ఫోటోల మేస్త్రీ మాత్రం గట్టివాడు. బీరువా పెడితే తలుపు తీసి చూపిస్తాడు. బిందె పెడితే లోపలికి తొంగిచూస్తాడు. కుర్చీ పెడితే వంగి, దాని కింద చోటు చూపిస్తాడు. లోపల ఖాళీ ఉన్నదేదైనా గదేనట, అందులోనే కట్టుకుంటాడట. ఇంట్లో ఏ వస్తువు పట్టుకున్నా ఎక్కడో ఓ చోట ఖాళీ తగులుతూనే ఉంది. ఇన్నాళ్ళూ ఇంత ఖాళీతో కాపురం చేశానా అని సౌదామినికి తన మీద తనకే చిరాకేస్తుంది.

చివరికి ఆమె సుద్దముక్కతో ఫోటోల ప్రోగ్రామ్ పేరు తన ముంజేతి మీదే రాసుకుని, గది లేచే చోట నిటారుగా నిలబడుతుంది. వెనకగది ఆమె వీపు దాకా జరిగి ఆగుతుంది. నవ్వు మెడ వెనక వెచ్చగా తగులుతోంది. తిరిగి చూస్తే చోటు ఖాళీ అవుతుంది కాబట్టి ఆమె తిరగదు.

మేస్త్రీ పేరు చదువుతాడు. తాపీ పిడితో ఆమె గుండె మీద మెల్లగా తట్టి, చెవి ఆనిస్తాడు.

"లోపల ఖాళీ లేదు," అంటుంది సౌదామిని.

"ఉందండి," అంటాడు మేస్త్రీ. "చాలా ఉంది. పోయినేటి నుంచీ ఉన్నట్టుంది."

అతను పని మొదలుపెడతాడు. నొప్పేమీ లేదు. ఇటుకలు ఒకటొకటిగా లోపల కుదురుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. వీపు మీద ఒక తలుపు బిగిస్తాడు. తలుపు బిగించగానే, వెనకగదిలోని నవ్వు లేచి, కుడికాలు ముందు పెట్టి ఆమెలోకి వచ్చి, గొళ్ళెం వేసుకుంటుంది. సౌదామిని చేతులు వెనక్కి చాపుతుంది. ఎంత చాపినా గొళ్ళెం అందదు, అది లోపలివైపు ఉంది.

లోపల ఎవరో స్టవ్ వెలిగిస్తారు. పాలు పొంగుతాయి. ఆమె కళ్ళ అంచుల దాకా వచ్చి, తెల్లగా, వెచ్చగా చెంపల మీదుగా నేలకి కారతాయి.

గుమ్మం బయట కూర్చున్న మేస్త్రీలు పాలు పొంగడం చూస్తారు. లేచి, ఒకరి వెనక ఒకరు వచ్చి, ఆమె పాదాల దగ్గర చెప్పులు విప్పుతున్నారు.