కూర్చుంటే మూగబోయే సెట్టు

కూతురు మొదటిసారి నెట్టు నడిపే ఆదివారం పొద్దున, తల్లికి టీ కూడా గొంతు దిగలేదు.

సరదాకి ఇళ్లల్లో రేడియో సెట్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఊళ్లోని హామ్ రేడియో వాళ్లందరూ వారానికోసారి గాలిలోనే కలుసుకుంటారు. దాన్నే నెట్టు అంటారు. ఒకరు పెద్దరికం వహించి వరసగా పిలుస్తుంటే, పిలిచినవాళ్లు పలికి, సెట్టు సంగతీ ఒంటి సంగతీ నాలుగు ముక్కలు చెప్పి తప్పుకుంటారు. ఇన్నేళ్లూ ఆ పెద్దరికం చేసినాయనకు గొంతు పాడైంది. ఈ ఒక్కసారి గందరగోళం లేకుండా జరిపిస్తే ఇక నెట్టు నీదేనని పిల్లకు మాటిచ్చాడు. పిల్ల వారం నుంచీ అద్దానికి హాజరు వేస్తోంది.

అది నెట్టు నడపడానికి హామ్ వాళ్ల క్లబ్బు మేడగదికి వెళ్లాక, తండ్రి ఇంట్లో సెట్టు పెట్టి, ఎప్పుడూ చెప్పే పాఠమే భార్యకు మళ్లీ చెప్పాడు. మైకు మీట నొక్కితే మన మాట అందరికీ పోతుంది, మనకు మాత్రం ఏమీ వినపడదు, వేరేవాళ్లకు మాట్లాడే సందూ ఉండదు. అంచేత దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, ఎప్పటిలాగే మైకు కుర్చీలోనే వదిలేసి బజారుకు వెళ్లాడు.

ఆమె దేన్నీ ముట్టుకోలేదు. కుర్చీ గట్టిగా ఉంటుందని, చూసుకోకుండా దాని మీద ఒక దిండు మాత్రం పడేసింది.

కూతురి గొంతు ఖంగుమంటూ వచ్చింది. అందరికీ నమస్కారం చెప్పి, ముందుగా పళ్ల డాక్టరును పిలిచింది. తల్లి మురిసిపోయి కుర్చీలో కూలబడింది. సెట్టు ఠక్కున మూగబోయింది.

ఆ మేడగదిలో వైర్లు చింపిరి జుట్టులా వేలాడుతుంటాయి, పిల్లకు షాకు కొట్టే ఉంటుంది. భయమేస్తే ఆమెకు నోరు ఆగదు. దిక్కులు చూస్తూ పైకే మొదలుపెట్టింది. "చిరిగిన సాక్సులతో వెళ్లింది, కాలు నేలకు తగిలే ఉంటుంది. పన్ను నొప్పి అని చెప్పుకోదు, ఆ డాక్టరు కనపడితే చాలు పీకేస్తాడని దీనికి హడలు. అసలు ఆ పెద్దాయన తన గొంతు చూసుకున్నాడు గానీ, నా బిడ్డ గొంతుకేమవుతుందోనని ఆలోచించాడా?"

ఇక ఉండలేక, పరుగెత్తి వెళ్లి చూసొద్దామని లేచింది. లేవగానే సెట్టులో కూతురు మాట్లాడుతోంది, నింపాదిగా. ప్రాణం కుదుటపడి మళ్లీ కూర్చుంది. మళ్లీ నిశ్శబ్దం. అదిరిపడి లేచింది.

"అమ్మా, కూర్చోకు," అంది సెట్టులోంచి కూతురు. "నెట్టు అయ్యేదాకా అలాగే నిలబడు."

అదేదో వాళ్ల మర్యాద కాబోలనుకుని, ఆమె కొంగు సర్దుకుని బల్ల పట్టుకు నిలబడింది. అప్పుడు పళ్ల డాక్టరు పలికాడు. తన సెట్టు బాగుందన్నాడు. ఆపైన, "అమ్మగారు కంగారు పడొద్దు, నేను పీకను. చూస్తానంతే," అన్నాడు.

ఆమె సెట్టుకేసి వంగి చూసింది. మనసులో మాట కూడా పట్టేసే యంత్రాలా ఇవి? లిఫ్టు మెకానిక్కు క్లబ్బులో వైర్లు తానే సర్దుతానన్నాడు. బేకరీ ఆయన సాక్సుల జత పంపుతానన్నాడు. చివరికి పెద్దాయన బొంగురు గొంతుతో వచ్చాడు.

"నేను చేసినన్నాళ్లలో నాకు ఇంత కష్టమైన పరీక్ష పడలేదు. పాప తొణకలేదు. నెట్టు ఇక పాపదే. గొంతుకు మిరియాల పాలు తాగించండమ్మా."

మధ్యాహ్నం కూతురు వచ్చి, దిండెత్తి మైకు చూపించింది. తల్లి దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నేనన్నవన్నీ అందరూ విన్నారుటే?"

"అక్షరం పొల్లుపోకుండా."

"మరి బేకరీ ఆయనకు నీ కాలి సైజు చెప్పావా?"

తరువాతి ఆదివారం తండ్రి మైకును అటక మీద పెట్టి, ఇప్పుడు నిశ్చింతగా కూర్చోవచ్చన్నాడు. ఆమె బల్ల వదల్లేదు.

"ఎందుకొచ్చిందండీ," అంది. "కాసేపు నిలబడితే నా సొమ్మేం పోయింది?"