ఐదు మూలల బిళ్ళ

నేను ఒక రబ్బరు బిళ్ళను. అడ్డం పదిహేడు అంగుళాలు, మందం ముప్పావు అంగుళం, మూలలు ఐదు. బేస్‌బాల్ ఆటలో బ్యాటు పట్టినవాడు నా పక్కన నిలబడి బంతిని కొడతాడు. కొట్టి, మైదానంలో మూడు గుర్తులు తొక్కుకుంటూ చుట్టు తిరిగి మళ్లీ నా దగ్గరికే వస్తాడు. నన్ను తొక్కితే పరుగు. తొక్కకపోతే లేదు. బంతి గోడ దాటి పడినా సరే, తిరిగి వచ్చి తొక్కాల్సిందే. నా గురించి తెలియాల్సింది ఇంతే. మిగతాది మనుషుల సంగతి.

గోదావరి ఒడ్డు గనుల్లో బొగ్గు మోసే బెల్టు నుంచి వచ్చాను. పదకొండేళ్లు మోశాక బెల్టు చిరిగింది. దాన్ని మార్చిన ఫిట్టర్ పేరు రాజనర్సు. మూడో గని కార్మికుల బేస్‌బాల్ జట్టుకు కోచూ అతనే, సామాను మోసేదీ అతనే. కాలనీ బడిలో వ్యాయామం సారు నల్లబల్ల మీద ఒక బొమ్మ గీసి, బిళ్ళ ఇలా ఉండాలన్నాడు. ఆ బొమ్మ గుడిసెలా ఉంది. కింద చదును, పైన మొన. రాజనర్సు బెల్టు కత్తితో నన్ను కోసి మైదానానికి తెచ్చి ఆలోచించాడు. గుడిసె నిటారుగా నిలబడాలి కదా అనుకున్నాడు. మొనను బంతి విసిరేవాడి వైపు, చదును అంచును వెనక కూర్చునే క్యాచర్ వైపు పెట్టి మేకులు కొట్టాడు. వ్యాయామం సారు చూసి బాగుందన్నాడు.

అది తిరగేసి పెట్టడం. మొన క్యాచర్ వైపు ఉండాలి. ఆ సంగతి పదిహేనేళ్లు ఎవరికీ తెలియలేదు. మిగతా గనుల మైదానాల్లో బిళ్ళలు లేవు, సున్నంతో గీసుకునేవారు. నన్ను చూసి వాళ్లూ అలాగే గీశారు. మ్యాచ్ ఎక్కడుంటే అక్కడికి రాజనర్సు నన్ను గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లేవాడు. ఆట అయ్యాక మేకులు పీకి, కడిగి, మళ్లీ చుట్టేవాడు. వదిలేస్తే ఎవరైనా చెప్పులకు కోసుకుంటారని అతని భయం.

ఆరెల్లి పోశమల్లును నేను పాదాలతో ఎరుగుదును. జట్టులోకి వచ్చేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. బెల్టు కింద రాలిన బొగ్గు ఊడ్చే కాంట్రాక్టు పని. మొదటి రోజు చెప్పులు విడిచి నా పక్కన నిలబడ్డాడు. కొట్టే ముందు కుడి మడమ మట్టిలో రెండు వేళ్ల లోతు దిగింది. బంతి మైదానం దాటి, కాలనీకి నీళ్లు వడకట్టే ఫిల్టర్‌బెడ్ గోడ దాటి, క్వార్టర్ల రేకుల మీద పడింది.

"అల్లుడా, బంతిని కొట్టుమన్న, కాలనీని గాదు" అన్నాడు రాజనర్సు.

తర్వాత అది మామూలైంది. అతను బ్యాటు పట్టి వస్తుంటే క్వార్టర్ల ఆడవాళ్లు కేకలు వేసుకునేవారు. "పోశమల్లు దిగిండు, మిరపకాయలు ఎత్తుండ్రే!"

మూడో ఏడు ఎనిమిదో గని జట్టుతో ఆడుతున్నప్పుడు, పోశమల్లు నా వైపు పరుగెత్తి వస్తుంటే వాళ్ల క్యాచర్ సడువలి దారికి అడ్డంగా కూర్చున్నాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. పోశమల్లు మోకాలు తిరిగింది. అప్పటి నుంచి అతను నా మీదికి నేరుగా రాలేదు. కాస్త దూరం నుంచి తిరిగి, వెనకగా వచ్చి, క్యాచర్ వైపు ఎడమ మూల మీద కుడికాలి బూటు కొన ఆనించి వెళ్లేవాడు. ప్రతిసారీ ఆ మూలే. కొన్నేళ్లకు అక్కడ బొటనవేలంత గుంట పడింది. నన్ను కడిగేటప్పుడు రాజనర్సు ఆ గుంటలో వేలు పెట్టి మట్టి తీసేవాడు.

వెల్ఫేర్ ఆఫీసరు ఒక మాట ఇచ్చాడు. గనుల కప్పు గెలిస్తే జట్టులో కాంట్రాక్టు వాళ్లను పర్మినెంటు చేయిస్తానన్నాడు. పోశమల్లు ఆడిన కాలంలో ఆఫీసర్లు ఐదుగురు మారారు. మాట మారలేదు. మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్లారు, కప్పు రాలేదు.

ఆరో ఏట కరెంటు ప్లాంటు జట్టు వాళ్లు పోశమల్లు కోసం వచ్చారు. వాళ్లు వెళ్లాక ఇద్దరూ నా పక్కన నిలబడి మాట్లాడుకున్నారు.

"మామా, నౌకరి కాయితం చేతిల పెడ్తమంటున్రు."

"పోతవా?"

"నువ్వేమంటవ్?"

రాజనర్సు నా అంచును బూటుతో రెండుసార్లు తట్టాడు. "వచ్చే ఏడు కప్పు మనదే అల్లుడా. నువ్వు లేకుంటె ఇంకేం టీము?"

పోశమల్లు ఉండిపోయాడు. ఆ ఏడు పద్నాలుగు బంతులు గోడ దాటించాడు. బొగ్గు ఊడ్చే పని అలాగే ఉంది.

పదిహేనో ఏట మళ్లీ ఫైనల్. ఎదురుగా ఎనిమిదో గని. ఆ నెల ఇరవై ఏడుకు పోశమల్లుకు ముప్పై ఐదు నిండుతాయి. ఆ తర్వాత ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఉండదు. మ్యాచ్ పంతొమ్మిదిన. ఇది కాలనీలో అందరికీ తెలుసు.

ఆ మ్యాచ్‌కు హైదరాబాదు నుంచి అంపైర్ వచ్చాడు. టేపు తెచ్చాడు, నియమాల పుస్తకం తెచ్చాడు. నా దగ్గర ఆగాడు.

"దీన్ని ఎవరు పెట్టారు?"

"నేనే సార్" అన్నాడు రాజనర్సు.

"తిరగేసి పెట్టారు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

రాజనర్సు చుట్టూ చూశాడు. "ఇయ్యాల పొద్దుగాలనే పెట్టిన సార్."

మేకులు పీకి నన్ను తిప్పాడు. గుంట ఉన్న మూల ఇప్పుడు ముందుకు, కుడి పక్కకు వెళ్లింది. అది ఉండే చోట, అంటే వెనక ఎడమ వైపు, మట్టి. నా మొన ఇప్పుడు వెనక్కి సన్నబడి ఉంది కాబట్టి అక్కడ మూల లేదు. రాజనర్సు ఆ మట్టిని అరచేత్తో చదును చేశాడు.

పోశమల్లు బ్యాటుతో వచ్చి కిందికి చూశాడు. "గిదేంది మామా, బిళ్ళ తిరిగింది?"

"ఏం గాలే. నువ్వు బంతి జూడు."

బ్యాటు పట్టిన మొదటి మూడుసార్లు పోశమల్లు చుట్టు తిరిగి నా దాకా రాలేదు. రెండుసార్లు ఔటయ్యాడు, ఒకసారి రెండో గుర్తు దగ్గర ఆగిపోయాడు. చివరి ఇన్నింగ్స్‌కు చెరి నాలుగు పరుగులు. మా జట్టులో ఇద్దరు ఔట్; మూడోవాడు ఔటయ్యేలోగా ఒక్క పరుగు వస్తే కప్పు మాదే. పోశమల్లు మడమ మట్టిలో దిగింది.

బంతి ఫిల్టర్‌బెడ్ గోడ దాటింది. పదిహేనేళ్లలో అది నూట నలభై మూడోది. నేను లెక్కపెట్టాను, ప్రతిదానికీ నా దగ్గరికే రావాలి కనుక.

అతను కుంటుతూ మూడు గుర్తులూ తొక్కాడు. జట్టంతా నా చుట్టూ మూగింది. క్యాచర్ సడువలి పక్కకు తప్పుకున్నాడు, దారి ఖాళీగానే ఉంది. అయినా పోశమల్లు దూరం నుంచి తిరిగి, వెనకగా వచ్చి, బూటు కొన ఆనించాడు. మట్టి మీద. నాకూ బూటుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం.

వెనక్కి వచ్చి తొక్కితే సరిపోయేది. ఒక్క అడుగు. కానీ ఆ అడుగు వేయడానికి అతని కాళ్లు నేల మీద లేవు. జట్టువాళ్లు భుజాల మీదికి ఎత్తి తీసుకెళ్లిపోయారు.

సడువలి కదల్లేదు. మట్టిలో బూటు గుర్తు చూశాడు. ఇంకో బంతి అడిగి తీసుకుని, నా మీద కాలు పెట్టాడు.

"సార్, తొక్కలే."

అడిగితే తప్ప చెప్పకూడదని అంపైర్లకు నియమం. అడిగారు కనుక చెప్పాడు. "ఔట్."

రాజనర్సు పరుగెత్తుకొచ్చాడు. "తొక్కిండు సార్! పదిహేనేండ్ల సంది ఆడనే తొక్కుతడు!"

"ఎక్కడ?"

రాజనర్సు వంగి వేలు పెట్టి చూపించాడు. వేలు మట్టి మీద ఆగింది.

"అక్కడ బిళ్ళ లేదు కదండీ" అన్నాడు అంపైర్.

పోశమల్లును దించారు. అతను వచ్చి, బూటు గుర్తు చూసి, గ్లవ్ తొడుక్కుని తన చోటికి వెళ్లాడు. లెక్క చెరి నాలుగే కనుక ఇంకో ఇన్నింగ్స్ ఆడించారు; ఆ ఇన్నింగ్స్‌లో ఎనిమిదో గని ఒక పరుగు చేసింది. మేము చేయలేదు. ఇరవై ఏడో తారీఖు వచ్చింది, పోయింది.

రెండేళ్లకు మూడో గని మూసేశారు. జట్టు సామాను పాత ఇనుముకు పోయింది. నన్ను మాత్రం రాజనర్సు గోనెసంచిలో చుట్టి పోశమల్లు ఇంటికి తెచ్చి, గుమ్మం ముందు పెట్టాడు.

"మొదటి దినమే నేను తిరగేసి కొట్టిన అల్లుడా. అంపైర్ జెప్పినంక నీకు జెప్పకపోతిని. నలుగుర్ల సిగ్గయింది."

పోశమల్లు వంగి నన్ను చూశాడు. "తిరిగిందని నేను జూసిన గద మామా. కాలు ఇనలే."

"ప్లాంటోళ్లు అచ్చిన్నాడన్న నిన్ను పొమ్మంటే అయిపోవు."

పోశమల్లు గోనెసంచి మడతపెట్టి పక్కన పెట్టాడు. "చాయ్ తాగిపో మామా" అన్నాడు.

పోశమల్లు ఇప్పుడు కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలకు టార్పాలిన్లు కడతాడు. అదీ కాంట్రాక్టే. అతని భార్య సరూప నన్ను నీళ్ల తొట్టి దగ్గర, కాళ్లు కడుక్కునే చోట వేసింది. మొన ఎటుందో ఆమె చూసుకోలేదు. మర్నాడు పోశమల్లు వంగి, నన్ను సగం చుట్టు తిప్పి, గుంట ఉన్న మూల తన వైపు వచ్చేలా పెట్టుకున్నాడు.

సాయంత్రం పని నుంచి వస్తాడు. వాకిలి నుంచి తొట్టికి ఆరడుగులు. నేరుగా రాడు.

"సక్కగ రారాదు? గా చుట్టు తిరుగుడేంది?" అంటుంది సరూప.

అతను తొట్టి చుట్టూ తిరిగి, వెనకగా వచ్చి, కుడికాలు పెడతాడు. బొటనవేలు గుంటలో పడుతుంది. తొక్కాడా లేదా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. కాళ్ల మీద బూడిద పోయేదాకా నీళ్లు పోసుకుని లోపలికి వెళ్తాడు.